నీళ్ళలోకి ఏడు మెట్లు

విదేశం నుంచి తిరిగొచ్చిన మూడోరోజునే మా ఆయన నాకో షరతు పెట్టాడు. భోజనాల దగ్గర "అక్కడ" అన్న మాట వాడకూడదని.

"అక్కడ తువ్వాళ్ళు ఇలా మడతపెడతారు, అక్కడ బస్సు చెప్పిన నిమిషానికి వస్తుంది, అక్కడ పూల్ నీళ్ళు అద్దంలా ఉంటాయి... నువ్వు వెళ్ళింది పన్నెండు రోజులు. చెప్పడానికి పన్నెండేళ్ళు పట్టేట్టుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?"

నాకు రోషం వచ్చింది గానీ, ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను ఈత కోచ్‌ని. పద్దెనిమిదేళ్ళుగా ఒకటే పూల్, ఒకటే క్లోరిన్ వాసన. ఎంత తలంటుకున్నా నా జుట్టులోంచి ఆ వాసన పోదు. అలాంటిదాన్ని, కోచ్‌ల సంఘం వాళ్ళు ఏరికోరి పన్నెండు రోజుల శిక్షణకి పంపిస్తే, తిరిగొచ్చాక నోరు మూసుకుని ఎలా ఉంటాను?

నిజానికి నా బుర్రలో తిరుగుతున్నది శిక్షణలో నేర్చుకున్నది కాదు. మేమున్న హాస్టలు పక్కనే చిన్న పూల్ ఒకటి ఉండేది. పొద్దున్నే ఆరింటికల్లా ఒక ముసలావిడ కర్ర ఊతంగా వచ్చేది. ఎనభై దాటి ఉంటాయి. ఆవిడ ఒక అడుగు తీసి అడుగు వేసేలోపు నేను నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదిలేదాన్ని. కర్రను గోడకి ఆనించి నీళ్ళలోకి దిగేది. ఇక అప్పుడు చూడాలి ఆవిణ్ణి! నలభై నిమిషాలు అటూ ఇటూ, అటూ ఇటూ, తొందరా లేదు, ఆయాసమూ లేదు. బయటికొచ్చి కర్ర అందుకోగానే మళ్ళీ కుంటడం మొదలు. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చివరిరోజున మాత్రం ఆవిడ నా భుజం తట్టి, తన మోకాళ్ళు చూపించి, నీళ్ళు చూపించి, బోసినోటితో నవ్వింది.

ఈ కథ మా ఇంట్లో ఎన్నోసారి చెప్పినప్పుడో గుర్తులేదు, అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని వింటోంది. అప్పుడు ఆవిడకి డెబ్భై ఒకటి. మాది మూడో అంతస్తు. కిందటేడు మెట్ల మీద పడినప్పటి నుంచీ డాక్టరు దగ్గరికి తప్ప ఆవిడ గడప దాటలేదు. వీధిలో ఎవరు ఏ సంచితో వెళ్ళారో, ఏ సంచితో వచ్చారో కిటికీలోంచే చూసి చెప్పేది.

"ఆవిడ నీళ్ళలోకి ఎలా దిగింది?" అని అడిగింది ఉన్నట్టుండి.

"అంటే?"

"అంటే ఏముంది? దూకిందా?"

"దూకడమేంటి అత్తయ్యా! నడిచే దిగింది."

"ఊఁ," అని ఆవిడ మళ్ళీ వీధివైపు తిరిగింది. నేను అప్పటికే తర్వాతి సంగతిలోకి వెళ్ళిపోయాను.

*

వేసవి సెలవుల్లో మా పూల్ అంటే పూల్ కాదు, సంత. పొద్దున రెండు బ్యాచ్‌లు, సాయంత్రం మూడు. ఒకడి చెప్పులు ఇంకొకడు వేసుకుపోతాడు. ఒకమ్మాయి నీళ్ళు చూసి ఏడుస్తుంది, ఇంకో అమ్మాయి నీళ్ళు వదిలి రానని ఏడుస్తుంది. తల్లులు గట్టు మీద నిలబడి నాకంటే గట్టిగా కోచింగ్ ఇస్తుంటారు. పదిరోజుల క్రితం దాకా విమానంలో కూర్చుని పెద్ద పెద్ద ఆలోచనలు చేసిన మనిషిని నేనేనా అనిపించింది. ఆ ఆలోచనలన్నీ చల్లారిపోకముందే ఒక్కదాన్నయినా బతికించుకోవాలని మేనేజరు గదికి వెళ్ళాను.

మేనేజర్ని అందరూ "రూల్సు" అనే పిలుస్తారు, ఆయన వెనకాల. గేటు దగ్గర ఇరవైమూడు నిబంధనల బోర్డు ఒకటి ఉంది. అది ఆయనే స్వయంగా రాసి, రంగులు కూడా ఆయనే వేసుకున్నాడు. చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిది ప్రపంచంలో లేదని నమ్మే మనిషి, అంతే.

"పెద్దవాళ్ళకి ఒక గంటా?" అన్నాడు కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ. "ఈ ఎండలో ఎవరొస్తారమ్మా? ఇంట్లో హాయిగా పడుకోక."

"మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నీళ్ళలో నడిస్తే బాగుంటుంది సార్. అక్కడైతే..."

"అక్కడ సంగతి అక్కడిది."

ఆఖరికి మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఇచ్చాడు, ఎలాగూ ఆ గంట పూల్ ఖాళీ కనక. అదీ నెలరోజులకి. కాగితం తీసి నిదానంగా రాశాడు: "నెల ఆఖరి రోజున రెండు నుంచి మూడు గంటల మధ్య పదిమంది నీళ్ళలో ఉండవలెను. లేనియెడల ఈ గంట రద్దగును." తను సంతకం పెట్టి, నాచేత పెట్టించి, ఒక కాపీ నాకిచ్చాడు. పదిమందేం లెక్క అనుకున్నాను. మా వీధిలోనే ఇరవై జతల మోకాళ్ళు మూలుగుతుంటే!

మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండోరోజు రిటైరైన పోస్ట్‌మన్ ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళు వీధులు తిరిగి తిరిగి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆయనకి చేతుల్లో బలముంది, గోడకి బిగించిన నిలువు నిచ్చెన పట్టుకుని ఎలాగో వేలాడుతూ దిగాడు. నాలుగోరోజు మా వీధి చివర టైలరక్క వచ్చింది. మెషీను ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. నేను నీళ్ళలో నిలబడి చేతులు చాపితే, గట్టు అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని, "నీదే భారం తల్లీ," అంటూ నా మీదకి జారిపోయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. గట్టు దాకా వస్తారు, నీళ్ళలోకి తొంగి చూస్తారు, "రేపొస్తాలే అమ్మా," అంటారు. ఆ రేపు రాదు. కంచె అవతల నిలబడి కొందరు కుర్రకారు నవ్వడం కూడా చూశాను. సిగ్గుపడుతున్నారని నాకు అర్థమైపోయింది. లేదా, అర్థమైపోయిందనుకున్నాను. అందుకని వచ్చినవాళ్ళకల్లా సిగ్గు పడకూడదని ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాను.

"నువ్వు దిగులుపడకు. నవ్విన నాపచేనే పండుతుందిట," అంది టైలరక్క, మెడ దాకా నీళ్ళలో నిలబడి.

పదిరోజులు గడిచాయి. చేను పండే సూచనలేవీ కనిపించలేదు.

*

ఆ ఆదివారం మా ఆయన ఇంట్లో ఉన్నాడు. ఆయనకి గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షెడ్డు ఉంది. ముగ్గురం టీ తాగుతుంటే, ఎలా అడగాలా అని రాత్రంతా ఆలోచించినదాన్ని, చివరికి అడ్డదిడ్డంగానే అడిగేశాను.

"అత్తయ్యా, మీరూ ఒకసారి పూల్‌కి రాకూడదూ?"

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మ ఎందుకు?"

"మోకాళ్ళకి మంచిదని..."

"మోకాళ్ళకా, నీ పదిమంది లెక్కకా?"

ఆ మాట సూటిగా తగిలింది. తగలడానికి కారణం, సగం నిజం కావడమే.

"నీ ప్రయోగాలకి మా అమ్మ దొరికిందా? బయట నేల మీదే కాలు నిలవట్లేదు, నీళ్ళలో నిలుస్తుందా? కిందటేడు మెట్ల మీద పడ్డప్పుడు చెయ్యి పట్టుకున్నది ఎవరనుకున్నావు? నేనే. పట్టుకునే ఉన్నాను. అయినా పడింది."

ఈ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. టీ మీద మీగడ కట్టింది.

"మీ ఇద్దరి పోట్లాట అయిపోతే ఒక సంగతి," అంది అత్తయ్య. "నన్నడిగారా ఎవరైనా?"

ఇద్దరం ఆవిడ వైపు చూశాం.

"నేను నీళ్ళలోకి దిగను. ఈ వయసులో నాకా గంతులు వద్దు. కానీ రేపు వచ్చి చూస్తాను. ఈ కిటికీలోంచి చూసిందే చూసి నాకు విసుగొస్తోంది."

మర్నాడు ఆవిడ నలభై ఆరు మెట్లు దిగింది. ఒంటిగంటకి మొదలుపెడితే ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఆ అంతస్తువాళ్ళ తలుపుకేసి చూసి, "వీళ్ళు రంగు మార్చారే!" అంటూ మళ్ళీ కదిలింది. మా ఆయన రాలేదు. కానీ మేం వీధి మలుపు తిరుగుతుంటే షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదకి తోసుకుని.

అత్తయ్య రేకుల నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని మూడు రోజులు కూర్చుంది. ఊరికే కూర్చోలేదు. "తమ్ముడూ, మెడ అంత బిగబెట్టకు," అని పోస్ట్‌మన్‌కి చెప్పింది. నీళ్ళలోకి తొంగిచూసి వెనక్కి తిరిగే ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లాడింది. నేను మాత్రం సిగ్గు మీద నా ఉపన్యాసం నేను ఇస్తూనే ఉన్నాను.

మూడోరోజు రాత్రి భోజనాల దగ్గర అంది: "సిగ్గు కాదే పిల్లా."

"ఏంటత్తయ్యా?"

"వాళ్ళకి సిగ్గూ లేదు, గిగ్గూ లేదు. దిగడం చేతకావట్లేదు. ఆ నిచ్చెన దిగాలంటే మోకాలు నడుం దాకా రావాలి. పోనీ దిగుతారనుకో, ఎక్కేదెలా? వచ్చినావిడ వచ్చినట్టే ముందు ఆ నిచ్చెన వంకే చూస్తోంది. నీళ్ళ వంక కాదు. ఆ దేశంలో ఆవిడ ఎలా దిగిందని నేనడిగింది అందుకే. నువ్వేమో నడిచి దిగింది అన్నావు. దేని మీద నడిచి?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్ళ ముందు కనబడింది. వెడల్పాటి మెట్లు. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు. ప్రతి మెట్టు అంచునా పచ్చటి గీత. పన్నెండు రోజులు వాటి మీదుగానే ఎక్కాను, దిగాను. లేచి వెళ్ళి ఫోన్ తెచ్చి ఫొటోలు తిప్పాను. ఆవిడ నవ్వు ఉంది, నీళ్ళు ఉన్నాయి, గోడకి ఆనించిన కర్ర కూడా ఉంది. ఒక్క ఫొటోలోనూ మెట్లు లేవు.

"పద్దెనిమిదేళ్ళ కోచ్‌ని," అన్నాను నాలో నేనే.

"నీ కాళ్ళు బాగున్నాయి. నీకెలా తెలుస్తుంది?" అంది అత్తయ్య, కూర గిన్నె నా వైపు జరుపుతూ.

మా ఆయన తల వంచుకుని భోంచేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అత్తయ్య గదిలోంచి మాటలు వినపడుతున్నాయి. తొంగి చూస్తే, మా అమ్మాయి హాస్టలుకి వెళ్తూ వదిలిపెట్టిన పాత పాఠ్యపుస్తకాలు నేల మీద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మా ఆయన నేల మీద మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. అత్తయ్య ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో ఆయన తల పట్టుకుని నిలబడి ఉంది.

"కాలెత్తమ్మా."

"ఎత్తాగా."

"నొప్పిగా ఉందా?"

"లేదు."

ఇంకో పుస్తకం పెట్టాడు. "ఇప్పుడు?"

"పర్లేదు."

ఇంకోటి పెట్టాడు. ఆవిడ కాలెత్తింది. పైకి ఏమీ అనలేదు గానీ పట్టుకున్న జుట్టు గట్టిగా లాగింది.

"అబ్బా! సరే సరే, ఇది వద్దు." ఆ పుస్తకం తీసేసి, మిగిలిన దొంతి పక్కన టేపు నిలబెట్టి చూశాడు. "అయిదున్నర అంగుళాలు."

"ఏంట్రా ఇదంతా?"

"ఏం లేదు," అని టేపు చుట్టుకుని లేచాడు. గుమ్మంలో నేను ఎదురైతే పక్కకి తప్పుకుని వెళ్తూ, "మీ పూల్‌లో ఆ లోతు తక్కువ మూల గట్టు నుంచి అడుక్కి ఎంతుంటుంది?" అన్నాడు.

"మూడున్నర అడుగులు."

"నేనొచ్చి కొలుస్తాలే. నీ లెక్కలు నేను నమ్మను."

కొలతకి వచ్చినప్పుడు రూల్సు ఆయన వెనకే నడిచాడు. "గోడకి ఒక్క కన్నం కూడా వెయ్యడానికి వీల్లేదు. టైల్సుకి గీత పడకూడదు. పిల్లల టైములో అది నీళ్ళలో ఉండకూడదు. రెండింటికి పెట్టాలి, మూడింటికి తియ్యాలి. రోజూ."

"రోజూ," అన్నాడు మా ఆయన, కాగితం మీద గీతలు గీసుకుంటూ. "అలాగే."

నాలుగు రోజులు ఆయన మిగతా పనులన్నీ ఆపేశాడు. మామూలు ఇనుమైతే క్లోరిన్ నీళ్ళు నెలలో తినేస్తాయని స్టెయిన్‌లెస్ స్టీలు పైపులతో చేశాడు. ఏడు మెట్లు, రెండు పక్కలా కమ్మీలు; ఎనిమిదో అడుగు పూల్ అడుగే. మోయడానికి వీలుగా రెండు ముక్కలు చేసి బోల్టులతో కలిపాడు. గట్టు అంచుకి తగిలించడానికి రెండు కొక్కేలు, టైల్సుకి తగిలే ప్రతిచోటా రబ్బరు. ఒకరోజు నేను టీ తీసుకెళ్ళేసరికి షెడ్డులో ఆయన చెప్పులు విప్పేసి, ఒక్కో మెట్టు మీద ఉత్త పాదం రాస్తూ, గరుకు తగిలినచోట మళ్ళీ అరగదీస్తున్నాడు. కస్టమరు గేటు కోసం వచ్చి కూర్చున్నాడు. మా ఆయన తలెత్తి చూడలేదు.

*

నేను ఇప్పటిదాకా చెప్పని సంగతి ఒకటుంది. ఈత కోచ్‌ని చేసుకుని ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఆ మనిషికి ఈత రాదు. రాకపోవడం కాదు, నీళ్ళంటే భయం. పూల్ గేటు దాకా వచ్చి నన్ను దింపేవాడే తప్ప ఈ కొలతల రోజు దాకా ఏనాడూ గట్టు ఎక్కలేదు.

పని పూర్తయిన మర్నాడు రెండు కాగానే మేమిద్దరం మెట్లు మోసుకొచ్చి తగిలించాం. "ముందు నేను చూస్తాను," అన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. మూడో మెట్టు దగ్గర ఆ మడతకి అర్థం లేకుండా పోయింది. ప్రతి మెట్టు మీదా రెండుసార్లు ఎగిరి చూశాడు. అడుక్కి చేరేసరికి నీళ్ళు ఆయన నడుం దాకా కూడా రాలేదు, ముఖం మాత్రం మునిగిపోతున్నవాడిలా పాలిపోయింది.

"ఎలా ఉంది తమ్ముడూ?" అని టైలరక్క గట్టు మీంచి అడిగింది.

"మెట్లు బాగానే ఉన్నాయి," అన్నాడు కమ్మీ వదలకుండా.

అత్తయ్య బట్టలు మార్చుకుని వచ్చింది. ఆవిడ కోసం టైలరక్క రహస్యంగా ఒక జత కుట్టింది. నీళ్ళలో గుడారంలా ఉబ్బకుండా ఒంటికి సరిపోయే చొక్కా, చీలమండల దాకా పైజామా. నీళ్ళలోకి దిగనంటే దిగనన్న మనిషి ఈ కొలతలు ఎప్పుడు ఇచ్చిందో నాకు ఈనాటికీ తెలీదు.

ఒక చెయ్యి కమ్మీ మీద వేసి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఆగింది. రెండో మెట్టు. మా ఆయన ఆవిడకి ఎదురుగా, నీళ్ళలో వెనక్కి వెనక్కి నడుస్తూ రెండు చేతులూ చాపాడు.

"నేను పట్టుకుంటానమ్మా."

"వద్దు. పక్కన ఉండు, చాలు."

ఆయన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. తర్వాత నెమ్మదిగా దించి, పక్కకి జరిగి నిలబడ్డాడు. మూడు, నాలుగు, అయిదు. అయిదో మెట్టు మీద చాలాసేపు ఆగింది. పోస్ట్‌మన్ కూడా నడక ఆపి చూస్తున్నాడు. ఆరు. ఏడు. తర్వాత పాదం పూల్ అడుగుని తాకింది. ఆవిడ కమ్మీ వదిలి, ఒక అడుగు, మరో అడుగు వేసి, అయోమయంగా మా వంక చూసింది.

"బరువేదీ?"

"ఏ బరువు అత్తయ్యా?"

"నాదే!"

*

ఆ తర్వాత నేనేమీ చెయ్యలేదు. ఉపన్యాసాలు మానేశాను. అత్తయ్య మూడు రోజుల్లో పోగుచేసిన కబుర్ల స్నేహాలన్నీ ఒక్కొక్కటే వచ్చి మెట్లు దిగాయి. పెన్షన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఇద్దరు అక్కాచెల్లెళ్ళు వచ్చారు, నీళ్ళలో కూడా పోట్లాడుకుంటూ. పాల డిపో ఆయన భార్యని తీసుకొచ్చాడు. ఆవిడ దిగింది, ఆయన దిగడానికి ఇంకో వారం పట్టింది. అందరికీ నొప్పులు మాయమైపోయాయని చెప్పను. అత్తయ్య మోకాళ్ళు కొన్ని రోజులు వాచేవి, ఆ రోజుల్లో ఎవర్నీ పలకరించనిచ్చేది కాదు. కానీ ఇంటి మెట్లకి పట్టే ఇరవై రెండు నిమిషాలు పదిహేనుకి వచ్చాయి, తర్వాత పదికి.

నెల ఆఖరి రోజు రానే వచ్చింది. రూల్సు రెండుంపావుకి కాగితం పట్టుకుని గట్టు మీదకి వచ్చాడు. వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"తొమ్మిది."

పాల డిపో ఆవిడకి ఆరోజు జ్వరం. "సార్, రేపు ఆవిడ..."

"రేపు కాదమ్మా. ఆఖరి రోజున అని ఉంది."

"పదిమంది ఉన్నారు కదా బాబూ," అంది అత్తయ్య నీళ్ళలోంచి. "వాణ్ణి లెక్కపెట్టలేదు."

మా ఆయన యథాప్రకారం మెట్ల పక్కన నీళ్ళలో, కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆయన సామాను పెట్టి తియ్యడానికి వచ్చిన మనిషండీ. ఇది పెద్దవాళ్ళ గంట."

"ఆ కాగితంలో పెద్దవాళ్ళు అని ఉందా? ఒకసారి చదువు నాయనా."

రూల్సు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "పదిమంది నీళ్ళలో ఉండవలెను." ఆగాడు. ఇంకోసారి మనసులో చదువుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు, వెనకాలేమీ లేదు.

"వాడు మనిషేనా?"

"మనిషే."

"నీళ్ళలో ఉన్నాడా, లేడా?"

రూల్సు మా ఆయన వంక చాలాసేపు చూశాడు. మా ఆయన, అంతమంది తననే చూస్తుంటే ఏం చెయ్యాలో తెలీక, కమ్మీ వదిలి లోతువైపు నాలుగైదు అడుగులు వేశాడు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. అంత లోతుకి వెళ్ళడం ఆయన జీవితంలో అదే మొదలు.

"ఉన్నాడు," అన్నాడు రూల్సు. జేబులోంచి పెన్ను తీసి "పది" అని రాసి, సంతకం పెట్టి, తేదీ కూడా వేశాడు. కంచె దాకా వెళ్ళాక ఆయన భుజాలు కదలడం చూశాను. ఆ మనిషి నవ్వగలడని అప్పుడే తెలిసింది.

*

మా ఇంట్లో మారింది పెద్దగా ఏమీ లేదు. అంతకుముందు మా ఆయన పన్నెండింటికి షెడ్డులోనే తినేవాడు, నేను పూల్‌లో, అత్తయ్య ఒక్కతే ఇంట్లో. ఆ వేసవిలో మూడుంపావుకి ముగ్గురం తడి జుట్లతో ఇంటికొచ్చి, ఆకలి మీద గిన్నెలు ఖాళీ చేసేవాళ్ళం. కిటికీ కబుర్ల బదులు పూల్ కబుర్లు. అక్కాచెల్లెళ్ళ పోట్లాటలో ఆరోజు ఎవరు గెలిచారు, పోస్ట్‌మన్ ఎన్ని రౌండ్లు నడిచాడు. విదేశం సంగతులు చెప్పాలని నాకు గుర్తు కూడా రాలేదు. ఒకరోజు మా ఆయనే అడిగాడు, "అక్కడ మెట్ల అంచున పచ్చ గీత ఉందన్నావు, ఎంత వెడల్పు?" అని.

అత్తయ్య ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. వెల్లకిలా తేలమంటే తేలదు. "చెవుల్లోకి నీళ్ళు పోతాయి," అనేది. తల వెనక్కి వాల్చగానే మెడ కర్రలా బిగుసుకునేది. అయిదు వారాలు రోజూ అడిగాను, అయిదు వారాలు రోజూ కాదంది.

సెలవులు ఇంకో రెండ్రోజుల్లో అయిపోతాయనగా ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఆవిడే నా దగ్గరికి నడిచి వచ్చింది. "ఒక్కసారి చూస్తాను. ఇద్దరూ పట్టుకోండి."

నేను తల కింద చెయ్యి పెట్టాను, మా ఆయన నడుం కింద. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. మొదట ఒళ్ళంతా బల్లలా బిగుసుకుంది. తర్వాత వేళ్ళు విడ్డాయి. మెడ వదులైంది. చెవులు మునిగాయి, నెరిసిన జుట్టు నా మణికట్టు చుట్టూ పరుచుకుంది. నేను మా ఆయన వంక చూశాను, ఆయన నా వంక చూశాడు. చేతులు తీసేశాం. ఎవరు ముందు తీశామో ఇద్దరికీ తెలీదు.

మూడయింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి వెళ్ళిపోయారు. సాయంత్రం బ్యాచ్ పిల్లలు గేటు అవతల మూగి గోల పెడుతున్నారు. రూల్సు గట్టు మీదకి వచ్చి, గడియారం చూసుకుని, నీళ్ళ వంక చూసి, గేటు దగ్గరికి వెళ్ళి పిల్లలకి అడ్డంగా నిలబడ్డాడు.

"అత్తయ్యా, టైమయింది," అన్నాను.

ఆవిడకి వినపడలేదు. నేను మళ్ళీ పిలవలేదు.